రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరం? ఎంత సమయం? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విమాన ప్రయాణానికి పట్టే సమయం గురించినవి. పిల్లలు గల్ఫ్ దేశాల్లోనో అమెరికాలోనో ఉండి, తాము మాత్రం ఊళ్ళోనే ఉన్న తల్లిదండ్రులు రాసినవే వాటిలో చాలా ఉన్నాయి. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఈ శీర్షికలో రెండు విమానాశ్రయాల మధ్య దూరం అని రాసిన ప్రతిచోటా భూమి ఉపరితలం వెంబడి కొలిచిన అతి దగ్గరి దూరం అని అర్థం చేసుకోవాలి. అంకెలను కొద్దిగా సవరించి దగ్గరి సంఖ్యకు మార్చాము.

ప్రశ్న: మా పెద్దమ్మాయి దుబాయ్‌లోను, చిన్నమ్మాయి సింగపూర్‌లోను ఉన్నారు. చెన్నై నుంచి దుబాయ్ టికెట్టు చూస్తే ఉదయం 10.00కు బయలుదేరి మధ్యాహ్నం 12.50కి చేరుతుందని ఉంది. సింగపూర్ టికెట్టులో ఉదయం 10.00కు బయలుదేరి సాయంత్రం 4.50కి చేరుతుందని ఉంది. దుబాయ్ అంత దగ్గరా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కావలి)

దగ్గర కాదమ్మా. మీ ఇద్దరమ్మాయిలూ చెన్నైకి దాదాపు సమాన దూరంలోనే ఉన్నారు. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,930 కిలోమీటర్లు, సింగపూర్ సుమారు 2,920 కిలోమీటర్లు. మీరు రాసిన రెండు టికెట్లలోనూ విమానం ప్రయాణించే సమయం ఒక్కటే, 4 గంటల 20 నిమిషాలు. టికెట్టు మీద బయలుదేరే సమయాన్ని బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయాన్ని చేరే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. ప్రపంచమంతటా విమానయాన సంస్థలు పాటించే పద్ధతి ఇదే. అందువల్ల ఆ రెండు అంకెలను నేరుగా తీసివేస్తే ప్రయాణ సమయం రాదు.

మన దేశపు సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ సమీపం నుంచే పోతుంది. గ్రీన్‌విచ్ సమయం కంటే మనం ఐదున్నర గంటలు ముందుంటే, దుబాయ్ నాలుగు గంటలు, సింగపూర్ ఎనిమిది గంటలు ముందుంటాయి. అంటే మనకంటే దుబాయ్ గంటన్నర వెనుక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. చెన్నైలో 10.00కు లేచిన విమానం 4 గంటల 20 నిమిషాల తరువాత దిగేసరికి మన గడియారంలో మధ్యాహ్నం 2.20 అవుతుంది. అదే క్షణంలో దుబాయ్‌లో 12.50, సింగపూర్‌లో 4.50 అవుతుంది.

ఈ తేడా తిరుగు ప్రయాణంలో ఎదురు తిరుగుతుంది. పెద్దమ్మాయి దుబాయ్‌లో ఉదయం 10.00కు విమానం ఎక్కితే, నాలుగు గంటల ప్రయాణం తరువాత చెన్నైలో దిగేసరికి ఇక్కడ మధ్యాహ్నం 3.30 అవుతుంది. వెళ్ళేటప్పుడు రెండు గంటల యాభై నిమిషాలుగాను, వచ్చేటప్పుడు ఐదున్నర గంటలుగాను కనిపించే ప్రయాణం నిజానికి రెండువైపులా నాలుగు గంటల చిల్లరే. ఏ టికెట్టు చూసినా ముందుగా రెండు సమయాలనూ మన సమయంలోకి మార్చుకోండి. దుబాయ్, మస్కట్ సమయాలకు గంటన్నర, కువైట్, ఖతార్, సౌదీ సమయాలకు రెండున్నర గంటలు కలపాలి. సింగపూర్, మలేషియా సమయాల నుంచి రెండున్నర గంటలు తీసివేయాలి. ఆ తరువాత తీసివేత చేస్తే అసలు ప్రయాణ సమయం తెలుస్తుంది.

ప్రశ్న: రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే వాటి మధ్య దూరాన్ని కాగితం మీద లెక్క కట్టవచ్చా? పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఎందుకు సరిపోవడం లేదు? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు)

తప్పకుండా కట్టవచ్చు. సులువైన ఉదాహరణతో మొదలుపెడదాము. చెన్నై విమానాశ్రయం 12.99 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఢిల్లీ విమానాశ్రయం 28.56 డిగ్రీల మీద ఉన్నాయి. రేఖాంశాల్లో తేడా మూడు డిగ్రీలే కనుక ఢిల్లీ మనకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉన్నట్టు అనుకోవచ్చు. అక్షాంశాల తేడా 15.57 డిగ్రీలు. అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నిమిషాలు, ఒక నిమిషానికి దాదాపు ఒక నాటికల్ మైలు. ఓడలవారూ విమానాలవారూ మామూలు మైలును వదిలి నాటికల్ మైలును పట్టుకోవడానికి కారణం ఈ సౌకర్యమే. దాని విలువను 1,852 మీటర్లుగా స్థిరపరిచారు. 15.57ను 60తో గుణిస్తే 934 నాటికల్ మైళ్ళు, అంటే 1,730 కిలోమీటర్లు వస్తుంది. రేఖాంశాల తేడాను కూడా కలిపి కచ్చితంగా లెక్కిస్తే 1,760 కిలోమీటర్లు. గుణకారం ఒక్కటే చేసినా రెండు శాతం లోపు తేడాతో సమాధానం దొరికింది.

ఇంజినీరింగ్ విద్యార్థి కనుక మీకు పూర్తి పద్ధతి కూడా చెబుతాము. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడాకు కొసైన్ విలువను, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి గుణించండి. ఈ రెండు లబ్ధాలను కూడితే వచ్చేది భూకేంద్రం వద్ద ఆ రెండు స్థలాల మధ్య ఏర్పడే కోణానికి కొసైన్ విలువ. ఆ కోణాన్ని డిగ్రీల్లో తెలుసుకుని 111.2తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. చెన్నై (12.99 ఉత్తరం, 80.17 తూర్పు), శంషాబాద్ (17.24 ఉత్తరం, 78.43 తూర్పు) విమానాశ్రయాలకు ఇలా చేస్తే కోణం 4.57 డిగ్రీలు, దూరం 508 కిలోమీటర్లు వస్తాయి. భూమి సంపూర్ణ గోళం కాదు. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6,357 కిలోమీటర్లు ఉంటుంది. 6,371 అనే సగటు విలువ మీద ఆధారపడిన ఈ పద్ధతిలో అర శాతం వరకు తేడా రావచ్చు. ప్రయాణ సమయం అంచనా వేయడానికి ఆ తేడా లెక్కలోకి రాదు.

ఇక పటం సంగతి. గుండ్రని భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చినప్పుడు ధ్రువాలకు దగ్గరగా ఉన్న ప్రాంతాలు సాగిపోతాయి. చెన్నై, హైదరాబాద్ వంటి దగ్గరి ఊళ్ళకు స్కేలు కొలత బాగానే సరిపోతుంది. అమెరికాకు మాత్రం సరిపోదు. మీ కాలేజీలో గ్లోబు ఉంటే ఢిల్లీ మీద దారం ఒక కొస పట్టుకుని రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి బిగుతుగా లాగి చూడండి. అది అట్లాంటిక్ మీదుగానూ పోదు, పసిఫిక్ మధ్యగానూ పోదు. మధ్య ఆసియా, రష్యాలు దాటి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా పోతుంది. ఆ దారం పొడవే 12,380 కిలోమీటర్ల అతి దగ్గరి దారి. 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి తదితర మహిళా పైలట్లు మాత్రమే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగానే వచ్చింది. అటువంటి వార్తను పటం ముందు పెట్టుకుని కాక గ్లోబు ముందు పెట్టుకుని చదివితే ఆ దారి ఎంత సహజమైనదో తెలుస్తుంది.

ప్రశ్న: శ్రీహరికోట నుంచి రాకెట్లను తూర్పు వైపుకు పంపడం వల్ల భూభ్రమణం తోడ్పడుతుందని పాఠంలో చెబుతున్నాము. మరి భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నప్పుడు, పడమరకు వెళ్ళే విమానానికి గమ్యస్థానమే ఎదురు రావాలి కదా! కువైట్‌కు వెళ్ళేటప్పుడే ఎక్కువ సేపు పడుతుందెందుకు? (ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, కోవూరు)

ఈ ప్రశ్న రాసినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. పిల్లలు తరచు అడిగేదే అయినా, రాకెట్టునూ విమానాన్నీ పక్కపక్కన పెట్టి అడగడం వల్ల సమాధానం స్పష్టంగా చెప్పే వీలు కలిగింది.

మన అక్షాంశం వద్ద నేల గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. దాని మీద ఉన్న గాలి కూడా దాదాపు అదే వేగంతో కదులుతోంది. విమానం ఆ గాలిలో ఎగిరే వాహనం. దాని రెక్కలకు కావలసిన ఒత్తిడిని ఇచ్చేదీ, దాని వేగానికి కొలమానమూ ఆ గాలే. పరుగెత్తే రైలు పెట్టెలో ఇంజను వైపు నడిచినా, వెనక్కి నడిచినా మనిషికి ఒకే సమయం పడుతుంది. గాలి నిశ్చలంగా ఉంటే విమానానికి తూర్పైనా పడమరైనా అంతే. రాకెట్టు పని వేరు. అది వాతావరణాన్ని వదిలి, భూకేంద్రంతో పోల్చి చూసినప్పుడు సెకనుకు దాదాపు ఏడున్నర నుంచి ఎనిమిది కిలోమీటర్ల వేగం అందుకోవాలి. శ్రీహరికోట వద్ద నేలకున్న సెకనుకు 0.45 కిలోమీటర్ల వేగం ఆ మొత్తంలో ముందుగానే చేతికి వచ్చిన భాగం అవుతుంది.

అయితే తూర్పు పడమరల మధ్య తేడా ఎక్కడి నుంచి వస్తోంది? గాలి నిశ్చలంగా ఉండదు కనుక వస్తోంది. జెట్ విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం వీస్తుంది. దానిని జెట్ ప్రవాహం అంటారు. అక్కడ గాలి వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం అరుదైన విషయం కాదు. గాలి ప్రభావం ఎంతో తెలుసుకోవడానికి ఒక లెక్క చేయండి. చెన్నై నుంచి కువైట్ సుమారు 3,780 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి దారి పొడవునా 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద దాని వేగం 750 అవుతుంది, ప్రయాణానికి ఐదు గంటలు పడుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే వేగం 950 అవుతుంది, నాలుగు గంటల్లో పూర్తవుతుంది. మారింది గాలి దిశ ఒక్కటే, తేడా ఒక గంట. వాస్తవంలో దారి పొడవునా గాలి ఒకేలా ఉండదు కనుక తేడా సాధారణంగా ఇంతకంటే తక్కువగా ఉంటుంది.

దక్షిణ భారతానికి సంబంధించిన ఒక విశేషాన్ని మీ విద్యార్థులకు తప్పక చెప్పండి. నైరుతి రుతుపవనాల కాలంలో మన మీద పైగాలి దిశ మారిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సుమారు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. తరువాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం 1958లో ప్రచురించిన పరిశోధన ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది. దాని నడిబొడ్డు ప్రయాణికుల విమానాలకంటే ఎత్తున ఉన్నా, దాని దిగువ అంచు విమానాల ఎత్తు వరకు వస్తుంది. అందువల్ల ఆ నెలల్లో గల్ఫ్‌కు వెళ్ళే విమానానికి మన వైపు దారిలో ఎదురుగాలికి బదులు తోడుగాలి దొరికే వీలుంది.

గాలి కోసం దూరాన్ని వదులుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి తప్పించి, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. ఆ దారి పొడవు 15,000 కిలోమీటర్లకు పైనే. తక్కువ దూరపు దారికంటే అది చాలా ఎక్కువ అయినా, వెనుక నుంచి తోసే గాలి దొరకడం వల్ల ప్రయాణం సుమారు పద్నాలుగున్నర గంటల్లోనే పూర్తయింది. దూరానికీ సమయానికీ నేరుగా సంబంధం ఉంటుందని అనుకునేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: చెన్నై – హైదరాబాద్ దూరం 508 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 850 కిలోమీటర్లు అయితే 36 నిమిషాల్లో చేరాలి. టికెట్టులో గంటా పదిహేను నిమిషాలు అని వేస్తున్నారు. మిగిలిన సమయం ఎటు పోతోంది? (ఒక వ్యాపారి, మార్కాపురం)

టికెట్టులో వేసేది గాలిలో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర విమానం చక్రాలకు పెట్టిన అడ్డు తీసి కదిలినప్పటి నుంచి, చేరిన ఊళ్ళో గేటు దగ్గర ఆగి మళ్ళీ అడ్డు పెట్టే వరకు ఉన్న మొత్తం సమయం. దీనిని బ్లాక్ టైమ్ అంటారు. గేటు నుంచి రన్‌వే వరకు నేల మీద నడవాలి, ముందున్న విమానాలు లేచే వరకు వరుసలో నిలవాలి. లేచిన తరువాత కూడా 10,000 అడుగుల ఎత్తు దాటే వరకు సాధారణంగా 250 నాట్ల లోపు వేగంతోనే, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్ల లోపే పోవాలి. దిగేటప్పుడూ అంతే. పైగా రన్‌వే దిశ గాలిని బట్టి నిర్ణయమవుతుంది కనుక, హైదరాబాద్ ఉత్తరాన ఉన్నా చెన్నైలో విమానం ముందు సముద్రం వైపుకు లేచి తరువాత మళ్ళవలసి రావచ్చు. 508 కిలోమీటర్ల ప్రయాణంలో పూర్తి వేగంతో సాగేది కొంత భాగం మాత్రమే. దూరం పెరిగేకొద్దీ ఈ అదనపు సమయం మొత్తంలో చిన్న భాగం అవుతుంది.

గన్నవరం – హైదరాబాద్ దూరం సుమారు 264 కిలోమీటర్లు, అంటే చెన్నై దూరంలో సగం. టికెట్టులో మాత్రం ఒక గంట వరకు ఉంటుంది. ఆ దారిలో రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ విమానం దొరికితే దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కలే అయినా, చేరే సమయంలో పెద్ద తేడా కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇంకొక సంగతి. రద్దీ వల్ల కలిగే ఆలస్యాన్ని ముందుగానే ఊహించి సంస్థలు ఈ సమయంలో కొన్ని నిమిషాలు అదనంగా చేర్చుకుంటాయి. నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు తేడా ఉంటే సమయపాలన పాటించినట్టే లెక్క కనుక, ఈ అదనపు నిమిషాలు సంస్థల పట్టికలను చక్కగా చూపిస్తాయి. ప్రయాణికుడికి కూడా నష్టం లేదు. ముందుగా దిగితే సంతోషమే. బ్లాక్ టైమ్ తెలిసి ఉండటం వల్ల ఒక ప్రయోజనం కూడా ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ నియమాల ప్రకారం, రెండున్నర గంటల వరకు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు మించి ఆలస్యమైతే, రెండున్నర నుంచి ఐదు గంటల మధ్య ఉన్న విమానం మూడు గంటలు మించి ఆలస్యమైతే, సమయానికి చెక్ ఇన్ చేసిన ప్రయాణికులకు సంస్థ భోజనం, ఉపాహారం ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

ప్రశ్న: నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు విమానంలో పోవాలంటే చెన్నై మేలా, తిరుపతి మేలా? (ఒక బియ్యం వ్యాపారి, నెల్లూరు)

దూరం మాత్రమే చూస్తే తిరుపతి మేలు. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట విమానాశ్రయం సుమారు 125 కిలోమీటర్లు. చెన్నై విమానాశ్రయం సుమారు 180 కిలోమీటర్లు, రెడ్‌హిల్స్ దాటిన తరువాత నగరం రద్దీ అదనం. గాలిలో కూడా తిరుపతి – హైదరాబాద్ సుమారు 420 కిలోమీటర్లే. చెన్నైలో విమానాలు ఎక్కువ కనుక సమయం ఎంచుకునే వీలు అక్కడే ఎక్కువ.

కాని మీ ఉత్తరం చదివిన తరువాత మా మనసులో మాట దాచలేము. హైదరాబాద్ పనికి నెల్లూరు నుంచి విమానం ఎక్కడంలో మాకు లాభం కనిపించడం లేదు. రేణిగుంటకు రెండున్నర గంటలు వేసుకోండి. దేశీయ విమానాలకు చెక్ ఇన్ కౌంటరు సాధారణంగా 60 నిమిషాల ముందే మూసివేస్తారు కనుక, గంటన్నర ముందైనా అక్కడ ఉండాలి. విమానానికి గంటకు పైన, దిగి సామాను తీసుకోవడానికి అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్ళోకి మరొక గంట. అంతా కలిపితే ఆరున్నర నుంచి ఏడు గంటలు. నెల్లూరులో ఆగే తిరుపతి – సికింద్రాబాద్ వందేభారత్ రైలు ఏడు గంటల లోపే నేరుగా సికింద్రాబాద్‌లో దింపుతుంది. రాత్రి బస్సు ఎక్కితే నిద్రలోనే ప్రయాణం పూర్తవుతుంది. ఒంగోలువారికైతే ఈ ప్రశ్నే రాదు. అద్దంకి – నార్కెట్‌పల్లి దారిలో హైదరాబాద్ సుమారు ఆరు గంటల ప్రయాణం. గన్నవరం వెళ్ళడానికే మూడు గంటలు పడుతుంది.

ఢిల్లీ ప్రయాణమైతే మాట వేరు. రైలుకు ఒక రోజు పైన పడుతుంది. చెన్నై నుంచి విమానం సుమారు మూడు గంటలు. ఇంటి నుంచి చెన్నైకి పోయే సమయం, విమానాశ్రయంలో వేచి ఉండే సమయం అన్నీ కలిపినా పది గంటల్లో పని అవుతుంది. చెన్నై సెంట్రల్‌లో రైలు దిగేవారు అక్కడి నుంచి మెట్రో రైలులో నేరుగా విమానాశ్రయానికి చేరవచ్చు. టాక్సీ కంటే అది నమ్మకమైన సమయం. దగదర్తిలో విమానాశ్రయం రావాలని ఈ జిల్లా ఎన్నో ఏళ్ళుగా కోరుకుంటోంది. అది వచ్చిన రోజున ఈ సమాధానం మొత్తం మార్చి రాయవలసి ఉంటుంది, అది మాకు ఎంతో ఇష్టమైన పని.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు మొదటిసారి వెళ్తున్నాము. దుబాయ్ మీదుగా అయితే 24 గంటలు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే 29 గంటలు అని ట్రావెల్స్‌వారు చెప్పారు. ఫ్రాంక్‌ఫర్ట్ దారి అంత చుట్టా? (ఒక గృహిణి, కందుకూరు)

చుట్టు కాదమ్మా. చెన్నై – దుబాయ్ 2,930, దుబాయ్ – డల్లాస్ 12,920, మొత్తం 15,850 కిలోమీటర్లు. చెన్నై – ఫ్రాంక్‌ఫర్ట్ 7,600, ఫ్రాంక్‌ఫర్ట్ – డల్లాస్ 8,260, మొత్తం 15,860 కిలోమీటర్లు. రెండు దారులకూ తేడా పది కిలోమీటర్లే అని చెప్పవచ్చు. చెన్నై నుంచి డల్లాస్‌కు ఎక్కడా ఆగకుండా పోగలిగినా 14,900 కిలోమీటర్లు పోవాలి. అంటే మధ్యలో ఆగినందువల్ల పెరిగే దూరం గంటా గంటంబావు ప్రయాణం మాత్రమే. మీకు చెప్పిన ఐదు గంటల తేడా అంతా మధ్య విమానాశ్రయంలో రెండో విమానం కోసం ఎదురుచూసే సమయమే. అదే ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండో విమానం త్వరగా దొరికే టికెట్టు ఉంటే తేడా మాయమవుతుంది.

మీ ఇద్దరి వయసూ దృష్టిలో పెట్టుకుంటే, మొత్తం గంటలకంటే వాటిని ఎలా పంచారో చూసుకోవడం మంచిదని మా అభిప్రాయం. దుబాయ్ దారిలో ఒక విమానం నాలుగు గంటలు, రెండోది ఏకబిగిన సుమారు పదహారు గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండూ పది పదకొండు గంటల చొప్పున ఉంటాయి. మోకాళ్ళ నొప్పులు, షుగరు ఉన్నవారికి ఏకబిగిన పదహారు గంటలు కూర్చోవడం కష్టం. మధ్యలో మూడు నాలుగు గంటలు నేల మీద నడవడం మేలే చేస్తుంది. గంటా గంటన్నర మాత్రమే వ్యవధి ఉన్న టికెట్టును మాత్రం చవక అని తీసుకోవద్దు. మొదటి విమానం కొద్దిగా ఆలస్యమైనా రెండోది అందదు. వీల్‌చెయిర్ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే రాయిస్తే, కొత్త విమానాశ్రయంలో దారి వెతుక్కునే ఇబ్బంది కూడా ఉండదు.

అబ్బాయికి ఫోను చేసే వేళ కూడా గుర్తుంచుకోండి. డల్లాస్ చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. తిరుగు టికెట్టు నవంబరులో ఉంటే సమయాలను ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేయడం వల్ల గల్ఫ్ విమానాలకు ఆలస్యం అవుతుందా? (పొదిలి, ఉదయగిరి పాఠకులు)

చెన్నై, హైదరాబాద్‌ల నుంచి వెళ్ళేవాటికి చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చెన్నై – దుబాయ్ అతి దగ్గరి దారి కర్ణాటక మీదుగా, తరువాత అరేబియా సముద్రం మీదుగా పోతుంది. 2019 ఫిబ్రవరి నుంచి జులై వరకు, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో అక్కడి గగనతలం మూసినప్పుడు దెబ్బ తగిలింది ముఖ్యంగా ఢిల్లీ నుంచి యూరప్, అమెరికాలకు పోయే మన సంస్థల విమానాలకు. అవి దక్షిణానికి దిగి చుట్టు తిరగవలసి వచ్చింది. మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగం ఉన్న రోజున బంగాళాఖాతం మీద కొంత గగనతలాన్ని ముందస్తు ప్రకటనతో కొంతసేపు మూసి ఉంచుతారు. అప్పుడు ఆ వైపు వెళ్ళే విమానాలు కాస్త పక్కకు తప్పుకుని పోతాయి.

ప్రశ్న: కువైట్ నుంచి మా వాడు వస్తున్నాడు. టికెట్టులో 15వ తేదీ 00.40 బయలుదేరడం అని, 07.55 చెన్నై చేరడం అని ఉంది. 15వ తేదీ రాత్రి కారు పంపితే సరిపోతుందా? (ఒక రైతు, ఆత్మకూరు)

సరిపోదు, దయచేసి వెంటనే మార్చుకోండి. 00.40 అంటే అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలు. మనం మాటల్లో దానిని 14వ తేదీ రాత్రి అనే అంటాము. కువైట్‌లో మీవాడు 14వ తేదీ రాత్రి భోజనం చేసి విమానాశ్రయానికి బయలుదేరాలి. ఈ సంగతి అతనికి కూడా ఫోనులో చెప్పండి. తేదీ పొరబడి ఒక రోజు ఆలస్యంగా విమానాశ్రయానికి వెళ్ళి టికెట్టు పోగొట్టుకునేవారు ఉన్నారు.

00.40కి మన గడియారంలో 15వ తేదీ తెల్లవారుజామున 3.10 అవుతుంది. 4 గంటల 45 నిమిషాల ప్రయాణం తరువాత అదే రోజు ఉదయం 7.55కి విమానం చెన్నైలో దిగుతుంది. ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్ పూర్తయి బయటికి వచ్చేసరికి తొమ్మిది అవుతుంది. ఆత్మకూరు నుంచి నెల్లూరు మీదుగా చెన్నై విమానాశ్రయానికి ఐదు గంటలు వేసుకుంటే, కారు 15వ తేదీ తెల్లవారుజామున మూడున్నరకు ఊరు దాటాలి. డ్రైవరును 14వ తేదీ సాయంత్రమే పిలిపించి పడుకోబెట్టండి. బయలుదేరే ముందు విమానం కువైట్‌లో సమయానికి లేచిందో లేదో విమానయాన సంస్థ వెబ్‌సైటులో చూసుకుంటే, ఆలస్యమైన పక్షంలో ఆ మేరకు కారును ఆపుకోవచ్చు.